నాలుగు చక్రాలూ లాగినా.. మంచులో ఆపేది టైరే!

చలి దేశాల్లో కారు నడిపే మనవారు తప్పక తెలుసుకోవాల్సిన సంగతులు

భీమవరం: సంక్రాంతి దగ్గర పడుతోందంటే గోదావరి జిల్లాల పల్లెల్లో ఒక ముచ్చట తరచుగా వినిపిస్తుంది. అమెరికాలోనో, కెనడాలోనో ఉంటున్న కొడుకో కూతురో వీడియో కాల్‌లో మంచు కప్పేసిన కారును చూపిస్తారు. పారతో మంచు తోసి కారును బయటికి తీయడం చూసి ఇక్కడి తల్లిదండ్రులు మొదట మురిసిపోతారు. ఆ వెంటనే బెంగ పడతారు. 'రోడ్డు జారుతుందేమో, జాగ్రత్త నాన్నా' అని తల్లి అంటే, 'భయం లేదమ్మా, ఇది ఆల్ వీల్ డ్రైవ్ కారు. నాలుగు చక్రాలూ లాగుతాయి' అని అటు నుంచి జవాబు వస్తుంది. తల్లి మనసు కుదుటపడుతుంది.

అయితే ఆ జవాబులో ఉన్నది సగం నిజమే. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే కారు మంచులో సులువుగా కదులుతుందన్నది వాస్తవం. కదిలిన కారు అంతే సులువుగా ఆగుతుందనుకోవడం మాత్రం పొరపాటు. ఆగడానికీ, మలుపు తిరగడానికీ ఆధారం ఇంజిన్ కాదు, రోడ్డును తాకే నాలుగు అరచేతులంత రబ్బరు. చలికాలంలో ఆ రబ్బరు ఎటువంటిదన్న దానిపైనే లోపలున్న వారి క్షేమం ఆధారపడి ఉంటుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన మిషిగన్, ఇల్లినాయి, న్యూజెర్సీ, ఒంటారియో వంటి ప్రాంతాలన్నీ ఏటా మంచు కురిసేవే. ఇక్కడి ఎండల్లో బండి నేర్చుకుని అక్కడికి వెళ్లే యువతకు ఈ విషయం ముందుగా చెప్పేవారు తక్కువ.

దమ్ము చక్రాలు చెప్పే పాఠం

నేలను బట్టి చక్రం మార్చడమన్నది డెల్టా రైతుకు కొత్త విద్య కాదు. సార్వా నాట్ల ముందు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు మామూలు టైర్లతో బురద చేలోకి దిగితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకే ఇనుప పలకల దమ్ము చక్రాలు బిగిస్తారు. అదే ట్రాక్టరును ఆ చక్రాలతోనే తారురోడ్డు ఎక్కిస్తే రోడ్డు చెక్కుకుపోతుంది. అధికారులు అడ్డుకుంటారు, జరిమానా వేస్తారు. ట్రాక్టరు గుర్రపు శక్తి ఎంతైనా, బురదలో పట్టు దొరకకపోతే ఆ శక్తి అంతా వృథా అని దున్నే ప్రతి రైతుకూ తెలుసు.

చలి దేశాల్లో కార్ల సంగతీ ఇంతే. అక్కడ వేసవి టైర్లు, శీతాకాలపు టైర్లు అని రెండు జతలు ఉంచుకోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ఆకురాలే కాలం ముగిసే వేళకు ఒక జత విప్పి మరో జత బిగిస్తారు. వసంతం రాగానే మళ్లీ మారుస్తారు. జర్మనీలో 'అక్టోబరు నుంచి ఈస్టర్ వరకు' శీతాకాలపు టైర్లు ఉండాలన్నది జనంలో పాతుకుపోయిన లెక్క.

కారు కోసం ప్రత్యేకంగా శీతాకాలపు టైరు తయారుచేయాలన్న ఆలోచన ఫిన్లాండ్‌లో పుట్టింది. ప్రస్తుతం నోకియన్ టైర్స్‌గా పిలుస్తున్న కంపెనీ 1934లో లారీల కోసం, 1936లో కార్ల కోసం మంచు టైర్లను మార్కెట్లోకి తెచ్చింది. అంటే ఈ విద్యకు దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

7 డిగ్రీల వద్ద గీత

వేసవి టైరుకూ శీతాకాలపు టైరుకూ తేడా పైకి కనిపించే గాడుల్లోనే ఉందని చాలామంది అనుకుంటారు. అసలు తేడా రబ్బరులోనే ఉంది. మార్గశిరం చలికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం అందరూ చూసేదే. నూనె అదే, సీసా అదే, మారింది వాతావరణం మాత్రమే. రబ్బరు కూడా చల్లబడే కొద్దీ బిగుసుకుపోతుంది. మెత్తగా ఉన్న రబ్బరు రోడ్డు మీది సన్నసన్న ఎగుడుదిగుళ్లలోకి ఒదిగి పట్టుకుంటుంది. గట్టిపడిన రబ్బరు పైపైనే జారిపోతుంది.

వేసవి టైరును వేడి రోడ్డు కోసం తయారుచేస్తారు. ఎండకు మరీ మెత్తబడి అరిగిపోకుండా దాని రబ్బరు మిశ్రమాన్ని రూపొందిస్తారు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన దగ్గర నుంచి దాని పట్టు సడలడం మొదలవుతుందని టైర్ల పరిశ్రమ చాలాకాలంగా చెబుతోంది. ఇది గీత గీసినట్లు ఒక్కసారిగా జరిగే మార్పు కాదు. చలి పెరిగే కొద్దీ క్రమంగా పట్టు తగ్గుతుంది. శీతాకాలపు టైరులో సహజ రబ్బరు పాలు, సిలికా ఎక్కువగా కలుపుతారు. దానివల్ల సున్నా కంటే బాగా దిగువన కూడా అది మెత్తదనం కోల్పోదు.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తోంది. మంచు పడితేనే శీతాకాలపు టైర్లు అవసరమన్నది సరికాదు. మంచు లేకున్నా, రోడ్డు తడిగా ఉండి చలి తీవ్రంగా ఉన్న రోజున కూడా వేసవి టైరు పట్టు తప్పవచ్చు.

మంచును మంచుతోనే పట్టాలి

గాడుల పాత్ర కూడా తక్కువది కాదు. వేసవి టైరు గాడుల పని ప్రధానంగా వాననీటిని పక్కకు తోసివేయడం. శీతాకాలపు టైరు గాడులు లోతుగా, వెడల్పుగా ఉంటాయి. కురిసిన మంచు వాటిలో ఇరుక్కుని గట్టిపడుతుంది. మంచు ముద్దకు మరో మంచు ముద్ద అంటుకున్నట్లుగా, గాడిలో చిక్కిన మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. అందుకే చక్రానికి మంచు అంటుకోవడం అక్కడ లోపం కాదు, గుణం.

ఇక టైరు దిమ్మెల మీద చాకుతో చెక్కినట్లు వందలాది సన్నని గాట్లు ఉంటాయి. చక్రం దొర్లేటప్పుడు అవి కొద్దిగా విచ్చుకుంటాయి. ఒక్కో గాటు అంచు ఒక్కో గోరులా మంచును గీరి పట్టుకుంటుంది. గడ్డకట్టిన నీటి పొర మీద ఏర్పడే పలుచని తడిని కూడా అవి పీల్చుకుంటాయి.

మరీ చలి ప్రాంతాల్లో ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్లు కూడా వాడతారు. ఫిన్లాండ్, స్వీడన్, నార్వేల్లో ఇవి సాధారణం. గట్టి మంచుగడ్డ మీద వీటి పట్టు ఎక్కువే. కాగా మంచు లేని రోడ్డును ఇవి మన దమ్ము చక్రాల మాదిరే చెక్కేస్తాయి. జపాన్‌లోని సప్పొరో, సెండాయ్ నగరాల్లో మేకుల టైర్లు లేపిన దుమ్ము 1980వ దశకంలో ప్రజారోగ్య సమస్యగా మారింది. చివరకు 1990లో ఆ దేశం ప్రత్యేక చట్టం చేసి వాటిని కట్టడి చేసింది. మేకులు లేకుండానే మంచును పట్టే రబ్బరు మిశ్రమాలు అభివృద్ధి చెందడానికి ఆ దుమ్మే ఒక కారణమైంది. జర్మనీలో కూడా మేకుల టైర్లపై నిషేధం ఉంది.

శక్తి ఏ చక్రానికి వెళ్తోంది?

కార్లలో ఇంజిన్ శక్తి చక్రాలకు చేరే విధానం ప్రధానంగా మూడు రకాలు. ప్రస్తుతం తిరుగుతున్న చిన్న, మధ్యతరగతి కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో లాగేవే. ఇంజిన్ బరువు కూడా ముందే ఉంటుంది కనుక ఆ చక్రాలకు పట్టు బాగానే దొరుకుతుంది. రెండో రకం వెనుక చక్రాలతో నెట్టేవి. కొన్ని ఖరీదైన కార్లు, పికప్ ట్రక్కులు ఈ కోవలోకి వస్తాయి. ఖాళీ పికప్ ట్రక్కు వెనుక బరువు ఉండదు. మంచులో వెనుక భాగం పక్కకు జారే ప్రమాదం దీనికి ఎక్కువ.

మూడో రకం నాలుగు చక్రాలకూ శక్తి అందేవి. 1980లో ఆడి సంస్థ క్వాట్రో కారును తీసుకువచ్చాక ఈ విధానం మామూలు రోడ్డు కార్లలో పేరు తెచ్చుకుంది. ఒక చక్రం జారితే మరో చక్రానికి శక్తి మళ్లించే ఏర్పాటు వీటిలో ఉంటుంది. ఇంటి ముందు మంచులో కూరుకున్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, సిగ్నల్ వద్ద నుంచి కదిలేటప్పుడు దీని ఉపయోగం స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు ఎడ్లను పూన్చిన బండి రెండు ఎడ్ల బండి కంటే తేలిగ్గా గట్టెక్కినట్లే.

అయితే బ్రేకు విషయానికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆగే విషయంలో ప్రతి కారూ నాలుగు చక్రాల కారే. ఖరీదైన ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ఇక్కడ అదనంగా ఒరిగేదేమీ లేదు. మలుపులో కారును దారిలో నిలబెట్టేది కూడా టైరు పక్కకు పట్టే పట్టే. బండి బరువుగా ఉంటే త్వరగా ఆగుతుందన్న నమ్మకమూ నిలవదు. బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, ఆపాల్సిన భారమూ అంతే పెరుగుతుంది.

లెక్క వేసి చూస్తే..

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న ఘర్షణ గుణకంతోనే ఈ సంగతిని తేల్చుకోవచ్చు. పొడి తారురోడ్డు మీద మంచి టైరుకు ఈ గుణకం 0.8 ప్రాంతంలో ఉంటుంది. గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తున్న కారు బ్రేకు పడ్డాక సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. గడ్డకట్టిన నీటి పొర మీద ఇది 0.1 ప్రాంతానికి పడిపోతుంది. అప్పుడు అదే కారుకు దాదాపు 98 మీటర్లు కావాలి. ప్రమాదాన్ని గమనించి కాలు బ్రేకు మీదకు వెళ్లే లోపు సాగే దూరం దీనికి అదనం.

ఇప్పుడు తొక్కుడుపడిన మంచు రోడ్డు మీద రెండు కార్లను ఊహించుకోవచ్చు. ముందు చక్రాలతో లాగే చిన్న కారుకు శీతాకాలపు టైర్లు వేశారు. దాని ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. నాలుగు చక్రాలూ లాగే పెద్ద కారుకు వేసవి టైర్లే ఉంచారు. దానికి 0.15 అనుకుందాం. రెండూ 50 కి.మీ. వేగంతో పక్కపక్కనే వెళ్తున్నాయి. ఎదురుగా అడ్డం వచ్చింది. ఇద్దరూ ఒకేసారి బ్రేకు వేశారు. చిన్న కారు సుమారు 33 మీటర్లలో ఆగుతుంది. పెద్ద కారు ఆగడానికి సుమారు 66 మీటర్లు పడుతుంది. చిన్న కారు పూర్తిగా నిలిచిపోయిన చోటును పెద్ద కారు ఇంకా 35 కి.మీ. వేగంతో దాటుతూ ఉంటుంది. రోడ్డు దాటుతున్న మనిషికి ఆ 35 కి.మీ. ఎంత ప్రమాదకరమో చెప్పనవసరం లేదు.

మలుపులోనూ ఇదే తీరు. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును మొదటి కారు గరిష్ఠంగా 44 కి.మీ. వేగంతో తిరగగలదు. రెండోది 31 కి.మీ. దాటితే దారి తప్పుతుంది.

మరి బయలుదేరేటప్పుడు? చిన్న కారు బరువులో ముందు చక్రాల మీద పడేది సుమారు 60 శాతం. పట్టు 0.3 అయితే ముందుకు లాగడానికి దొరికేది 0.18. పెద్ద కారు బరువంతా లాగే చక్రాల మీదే ఉన్నా దానికి దొరికేది 0.15. అంటే కదిలే విషయంలో కూడా సరైన టైర్లున్న చిన్న కారుదే కొంత పైచేయి. పెద్ద కారుకు కూడా శీతాకాలపు టైర్లు వేస్తే మాత్రం దాని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది. రెండూ ఉంటే మేలు. ఒక్కటే సాధ్యమైతే మొదటి డబ్బు టైర్లకే పెట్టాలి.

నాలుగు చక్రాల లాగుడులో మరో చిక్కు ఉంది. కారు హాయిగా కదిలిపోతుంటే రోడ్డు ఎంత జారుడుగా ఉందో నడిపేవారికి తెలియదు. రెండు చక్రాల కారైతే బయలుదేరేటప్పుడే చక్రం తిరిగి హెచ్చరిస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారులో ఆ హెచ్చరిక అందక వేగం పెంచుతారు. తొలి హెచ్చరిక బ్రేకు వేసినప్పుడే వస్తుంది. అప్పటికి ఆలస్యమవుతుంది.

రెండు టైర్లతో సరిపెట్టవద్దు

ఖర్చు కలిసివస్తుందని కొందరు లాగే చక్రాలకు మాత్రమే శీతాకాలపు టైర్లు వేయిస్తుంటారు. విద్యార్థుల్లో ఈ ధోరణి మరీ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఇది ప్రమాదకరం. ముందు చక్రాలకు మాత్రమే వేస్తే, బ్రేకు వేసినప్పుడు ముందు భాగం పట్టుకుంటుంది, వెనుక భాగం జారుతుంది. కారు బొంగరంలా తిరిగిపోతుంది. వెనుక చక్రాలకు మాత్రమే వేస్తే కారు కదులుతుంది గానీ, స్టీరింగు తిప్పినా ముందు భాగం మాట వినక నేరుగా పోతుంది. ఏ రకం కారుకైనా నాలుగూ ఒకే రకం టైర్లు ఉండాలి.

ఆల్ వీల్ డ్రైవ్ కార్లకు మరో కారణం కూడా ఉంది. నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా ఎక్కువగా ఉంటే చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి. శక్తిని పంచే యంత్ర భాగం మీద నిత్యం ఒత్తిడి పడి చెడిపోతుంది. ఒక్క టైరు పాడైనా దాని తోటివి ఎంత అరిగాయో చూసుకునే కొత్తది వేయాలి.

రెండు జతలు కొనడం భారమని తొలి చూపులో అనిపిస్తుంది. కానీ ఒక జత వాడుతున్నన్నాళ్లూ రెండోది అరగదు. రెండు జతలూ ఎక్కువ కాలం వస్తాయి. అదనపు ఖర్చు ప్రధానంగా మార్పించడానికీ, భద్రపరచడానికీ అయ్యేదే. విడిగా రిమ్ములు కొని వాటికే బిగించి ఉంచుకుంటే ప్రతిసారీ మార్చే పని సులువవుతుంది. శీతాకాలపు టైర్లనే వేసవిలోనూ నడపడం మంచిది కాదు. వేడి రోడ్డు మీద ఆ మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది. ఆగే దూరమూ పెరుగుతుంది.

పర్వతం గుర్తు చూసి కొనాలి

అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో చాలా వాటికి 'ఆల్ సీజన్' టైర్లు వస్తాయి. పేరు చూసి అన్ని కాలాలకూ సరిపోతాయనుకుంటారు. ఇవి అన్నింటికీ కొంత కొంత పనికివచ్చే మధ్యస్థ రకం. తేలికపాటి చలికి చాలు. తీవ్రమైన మంచుకు చాలవు. వీటి పక్కన ఎం, ఎస్ అనే అక్షరాలు ముద్రించి ఉంటాయి. బురద, మంచు అని వాటి అర్థం. గాడుల తీరును బట్టి తయారీదారు వేసుకునే గుర్తు మాత్రమే అది. మంచులో పరీక్షించి ఇచ్చింది కాదు.

నమ్మదగిన గుర్తు మరొకటి ఉంది. మూడు శిఖరాల పర్వతం, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉంటుంది. మంచు మీద నిర్దేశించిన పరీక్షలో నెగ్గిన టైరుకే ఈ గుర్తు వేస్తారు. 1999లో ఉత్తర అమెరికాలో ఇది మొదలైంది. 'ఆల్ వెదర్' పేరుతో వచ్చే కొన్ని టైర్లకు కూడా ఈ గుర్తు ఉంటుంది. ఏడాదంతా ఒకే జత వాడక తప్పని వారికి అవి కొంత మేలు. టైరు పక్కన నాలుగు అంకెల సంఖ్య కూడా చూడాలి. మొదటి రెండు అంకెలు ఏ వారమో, తర్వాతి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. పాత టైర్లు కొనే విద్యార్థులు దీన్ని చూడకుండా డబ్బు ఇవ్వరాదు. గాడులు లోతుగా ఉన్నా ఏళ్ల తరబడి నిల్వ ఉన్న రబ్బరు గట్టిపడి ఉంటుంది.

ఏ దేశంలో ఏ నిబంధన?

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2008లో శీతాకాలపు టైర్లను తప్పనిసరి చేసింది. ప్రస్తుతం డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఈ నిబంధన వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే కనీసం 200 డాలర్ల జరిమానా తప్పదు. బ్రిటిష్ కొలంబియాలో పర్వత మార్గాలు సహా పలు రహదారులపై అక్టోబరు 1 నుంచే తగిన టైర్లు ఉండాలి. తెలుగువారు ఎక్కువగా ఉండే ఒంటారియోలో చట్టపరమైన నిర్బంధం లేదు. అయితే అక్కడి వాహన బీమా సంస్థలు శీతాకాలపు టైర్లు వేసుకున్న వారికి ప్రీమియంలో రాయితీ ఇవ్వాలన్న నిబంధన 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఈ సంగతి తెలియక రాయితీ అడగని వారు నష్టపోతారు.

జర్మనీలో మంచు, జారుడు పరిస్థితులు ఉన్నప్పుడు తగిన టైర్లు లేకుండా బండి తీయరాదు. 2024 అక్టోబరు నుంచి పర్వతం గుర్తు ఉన్న టైర్లనే అక్కడ శీతాకాలపు టైర్లుగా గుర్తిస్తున్నారు. స్వీడన్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు, ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు రోడ్డు మీద మంచు పరిస్థితులు ఉంటే ఈ టైర్లు తప్పనిసరి. గాడి లోతు స్వీడన్‌లో 3 మి.మీ., ఆస్ట్రియాలో 4 మి.మీ. కంటే తగ్గరాదు.

అమెరికాలో దేశమంతటికీ వర్తించే నిబంధన లేదు. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియా పర్వత మార్గాల్లో పరిస్థితి విషమిస్తే టైర్లకు గొలుసులు బిగించాలని ఆదేశిస్తారు. రెండో దశ ఆదేశం ఉన్నప్పుడు నాలుగు చక్రాలు లాగే కార్లకు మినహాయింపు ఉంటుంది. కాకపోతే ఆ నాలుగు చక్రాలకూ మంచు టైర్లు ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. మూడో దశలో ఎవరికీ మినహాయింపు లేదు. నాలుగు చక్రాల లాగుడు ఒక్కటే చాలదని ఆ ప్రభుత్వ నిబంధనే తేల్చి చెబుతోందన్నది గమనార్హం.

టెక్సాస్ నేర్పిన గుణపాఠం

మంచు అరుదుగా పడే చోట ఉంటున్నామని ధీమా పడటం కూడా తగదు. తెలుగువారికి మరో ఇల్లులాంటి డాలస్ ప్రాంతంలో చలికాలం సాధారణంగా తేలికగానే ఉంటుంది. కానీ 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున డాలస్ పొరుగునే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో రహదారి మీద వాన తుంపర గడ్డకట్టింది. ఒకదాని వెనుక ఒకటిగా 130కి పైగా వాహనాలు ఢీకొన్నాయి. ఆరుగురు మరణించారు. ముందు ఆగిన వాహనాలు కనిపిస్తున్నా వెనుక వస్తున్నవి ఆగలేకపోయాయి.

రోడ్డు నల్లగా, తడిగా మాత్రమే కనిపిస్తూ పైన గాజులాంటి మంచు పొర ఉండటాన్ని అక్కడ 'బ్లాక్ ఐస్' అంటారు. కింద నుంచి కూడా చల్లగాలి తగిలే వంతెనల మీద ఇది ముందుగా ఏర్పడుతుంది. దీని మీద శీతాకాలపు టైరు కూడా కొంతవరకే కాపాడగలదు. అటువంటి రోజున అసలు బండి తీయకపోవడమే సిసలైన జాగ్రత్త. ఆఫీసుకు ఒక రోజు సెలవు పెడితే పోయేదేమీ లేదు.

మన దేశంలో..

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఈ టైర్ల అవసరం లేదు. లంబసింగిలో చలి ఎంత వణికించినా రోడ్ల మీద మంచు పేరుకోదు. టైర్లతో మనకున్న బంధం వేరు. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ కర్మాగారం ఉంది. తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో టైర్స్ కర్మాగారం 2020లో ప్రారంభమైంది. అదే అపోలో సంస్థ 2009లో కొనుగోలు చేసిన నెదర్లాండ్స్ కంపెనీ వ్రెడెస్టీన్ యూరప్ మార్కెట్‌కు శీతాకాలపు టైర్లు తయారుచేయడంలో పేరున్నది.

అయితే సెలవుల్లో మనాలీ, కశ్మీర్, లద్దాఖ్ వైపు వెళ్లే తెలుగు పర్యాటకుల సంఖ్య తక్కువేమీ కాదు. 9.02 కి.మీ. పొడవైన అటల్ సొరంగం 2020 అక్టోబరులో ప్రారంభమయ్యాక చలికాలంలోనూ లాహౌల్ వైపు రాకపోకలు పెరిగాయి. భారీగా మంచు పడిన రోజుల్లో అక్కడి పోలీసులు నాలుగు చక్రాలు లాగే వాహనాలనే, అదీ గొలుసులు ఉంటేనే వదులుతుంటారు. మైదాన ప్రాంతంలో అద్దెకు తీసుకున్న కారు టైర్లు మంచుకు ఉద్దేశించినవి కావు. అక్కడ స్థానిక డ్రైవరును, స్థానిక వాహనాన్ని ఆశ్రయించడం ఉత్తమం.

మంచులో చిక్కుకుపోతే మరో ముప్పు పొంచి ఉంటుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ కొండల్లో పర్యాటకుల వాహనాలు రాత్రంతా మంచులో చిక్కుకుపోగా 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోయినప్పుడు వెచ్చదనం కోసం ఇంజిన్ నడిపితే విషవాయువు లోపలికి చేరుతుంది. అది వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ముందు పొగగొట్టం చుట్టూ మంచు తొలగించి, అద్దం కొద్దిగా దించి, అప్పుడప్పుడు మాత్రమే ఇంజిన్ నడపాలి.

ఈ జాగ్రత్తలు పాటించాలి

చలికి టైరులోని గాలి సంకోచిస్తుంది. 25 డిగ్రీల వద్ద 33 పీఎస్ఐ నింపిన టైరులో మైనస్ 20 డిగ్రీల వద్ద ఉండేది సుమారు 26 మాత్రమే. చలికాలంలో కనీసం నెలకోసారి, చలి ఒక్కసారిగా పెరిగినప్పుడు వెంటనే గాలి చూసుకోవాలి. పట్టు పెరుగుతుందని కావాలని గాలి తగ్గించరాదు.

ముందు వాహనానికి మామూలు కంటే ఎన్నో రెట్లు దూరం పాటించాలి. యాక్సిలరేటరు, బ్రేకు, స్టీరింగు మూడింటినీ మృదువుగా వాడాలి. టైరుకున్న పట్టు ఒకటే. దాన్ని బ్రేకుకే ఖర్చు చేస్తే మలుపుకు మిగలదు. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించి, ఆ తర్వాతే తిరగాలి.

కారు జారితే కంగారుపడి గట్టిగా స్టీరింగు తిప్పరాదు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, వెళ్లాల్సిన దిశ వైపే చూస్తూ స్టీరింగును నెమ్మదిగా అటే తిప్పాలి. ఏబీఎస్ ఉన్న కారులో అత్యవసరంగా ఆపాల్సి వస్తే బ్రేకును గట్టిగా నొక్కి పట్టి ఉంచాలి. కాలి కింద టకటకమని కొట్టుకోవడం దాని పని తీరే, భయపడి వదలరాదు. లోతైన మంచులో ఏబీఎస్ వల్ల ఆగే దూరం కొంత పెరగవచ్చు గానీ, స్టీరింగు మాత్రం చేతిలో ఉంటుంది. క్రూయిజ్ కంట్రోల్ వాడరాదు.

కారులో దుప్పటి, చిన్న పార, టార్చిలైటు, తాగునీరు, తినుబండారాలు, ఫోన్ చార్జరు ఉంచుకోవాలి. కొత్తగా వెళ్లినవారు తొలి మంచు పడిన రోజున ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో తక్కువ వేగంతో బ్రేకు వేసి, కారు ఎంత దూరం జారుతుందో స్వయంగా చూసుకోవడం మంచిది. అనుభవం ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.

పిల్లలు కారు కొన్నారనగానే రంగు, ధర, కంపెనీ పేరు అడగడం పరిపాటి. చలి దేశంలో ఉన్న బిడ్డను ఈసారి ఫోనులో మరో మాట కూడా అడగాలి. 'చలికాలం టైర్లు వేయించావా? నాలుగూ వేయించావా?' దమ్ము చక్రాల విలువ తెలిసిన ఊరి తల్లిదండ్రులకు ఆ ప్రశ్న అడిగే అర్హత నూటికి నూరు పాళ్లూ ఉంది.